పెట్టెలో ఉన్నది ఆ ఓడ కాదన్నాను

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. గుంటూరు మిర్చి యార్డులో మా కొట్టు ముందు నిలబడి, ఘాటుకి కారుతున్న ముక్కు తుడుచుకుంటూ ఫోన్లో ఒక ఫొటో తెరిచాను. అతికించుకునే పాత ప్లాస్టిక్ యుద్ధనౌక బొమ్మ కిట్ ఒకటి విప్పి, భాగాలన్నీ బల్ల మీద పరిచిన ఫొటో. వేరే దేశం నుంచి కొత్తగా తెప్పించుకున్న ఆయన మురిసిపోతూ మా ఓడబొమ్మల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఒకసారి చూశాను. మళ్ళీ చూశాను. మూడోసారి చూసేసరికి పక్కనున్న మిరపకాయల బస్తా మీద కూలబడ్డాను. హమాలీ ఒకతను "ఏమైంది సాయిబు గారూ, నీళ్ళు తేనా?" అంటే వద్దని చెయ్యి ఊపాను. రెండు నెలల కిందట ఒక పెద్దావిడ ఇంటి ముందు, పదిమంది వినేలా గొంతెత్తి నేను చెప్పిన మాట తప్పని ఆ ఫొటో చెబుతోంది.

నా ఉద్యోగం కాయ చూడటం. రైతు తెచ్చిన బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, మధ్య నుంచి గుప్పెడు కాయ లాగి, రంగు చూసి, ఒకటి విరిచి, తేమ ఎంత ఉందో, కొత్త కాయో ఏసీ సరుకో చెబుతాను. ఏసీ సరుకంటే నిరుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఈ ఏడు బయటికి తీసిన కాయ. దాని రంగు కాస్త నలుపు తిరుగుతుంది. కొత్త కాయలో దాన్ని కలిపి తెచ్చేవాళ్ళు ఉంటారు. ఒకే బస్తాలో రెండు రంగులు కనపడ్డాయంటే కలిపేశారనే, ఇక దాని మీద వాదన ఉండదు. రంగు పోయి తెల్లబారిన కాయని తాలు అంటాం. నేను తాలు అన్నానంటే నాలుగు కొట్ల అవతలికి వినపడుతుంది. యార్డులో గుసగుసగా చెబితే ఏదో లాలూచీ ఉందనుకుంటారు కాబట్టి ఏం చెప్పినా అప్పటికప్పుడు, గట్టిగా, అందరి ముందూ చెప్పాలి. ముప్ఫై ఏళ్ళుగా అలాగే చెబుతున్నాను. చెప్పిన మాట ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదని నాకు మహా గర్వంగా ఉండేది.

ఓడల పిచ్చి ఎలా పట్టిందని అందరూ అడుగుతారు. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో సముద్రం ఊసే లేదు, నాకు ఈత కూడా రాదు. పెళ్ళయిన కొత్తలో విజయవాడలో పాత పుస్తకాలు అమ్మే పేవ్‌మెంటు మీద మూత చిరిగిన అట్టపెట్టె ఒకటి కనపడింది. లోపల బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి పిందెల్లా వేలాడుతూ ఫిరంగులు, లంగర్లు, చిన్న చిన్న పడవలు. ఒక్కోదాన్నీ తుంచి, అంచులు గీకి, జిగురుతో అతికించుకుంటూ పోతే మూరెడు యుద్ధనౌక తయారవుతుంది. నాకు మూడు నెలలు పట్టింది. వేళ్ళకి జిగురు అంటుకుని అన్నం ముద్ద కలపలేకపోతుంటే మా ఆవిడ పగలబడి నవ్వేది. "మిరపకాయలు పట్టుకున్న చేత్తో కళ్ళు నలుపుకోవద్దంటే వింటావు గానీ, ఈ జిగురు సంగతి చెబితే వినవేం" అనేది. అప్పటి నుంచి ఇల్లంతా ఓడలే. బీరువా మీద, టీవీ మీద, చివరికి బియ్యం డబ్బా మీద కూడా.

కొత్త కిట్ల మీద నాకు మోజు లేదు. అవి కంప్యూటర్లు గీసినవి, తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. పాతవాటిలోనే చూసేవాడికి పని. పెట్టె మీద బొమ్మలో అలలు ఎగిసిపడుతుంటాయి, ఫిరంగులు నిప్పులు కక్కుతుంటాయి. దాన్ని చూసి కొన్నవాడు మోసపోయినట్టే. నేను ముందు ఓడ ఒంటి రెండు సగాల్నీ తీసి, ఒకదానికొకటి ఆనించి, వెలుతురుకి అడ్డం పెడతాను. సందులోంచి వెలుగు కారిందంటే ఇన్నేళ్ళలో ప్లాస్టిక్ వంగిందని అర్థం. తర్వాత బొటనవేలి గోరు అంచు వెంట లాగుతాను. ఉల్లిపొరలాంటిది గోటికి తగిలితే, అచ్చు అరిగిపోయాక పోసిన సరుకది. అచ్చు కొత్తగా ఉన్నప్పుడు పోసినవాటి అంచు శుభ్రంగా ఉంటుంది. మందమైన చోట్ల సొట్టలు పడ్డాయేమో చూస్తాను. ఓడ ఒంటి మీద మేకుల తలలు ఎంతున్నాయో చూస్తాను. కొన్ని పాత కిట్లలో అవి ఆవగింజలంత ఉంటాయి. నిజం ఓడ కొలతకి పెంచితే ఒక్కో మేకు రుబ్బురోలంత అవుతుంది, ఏ పిచ్చివాడు కొట్టాడయ్యా ఇవి అని నవ్వొస్తుంది. వాసన కూడా చూస్తాను. మంచి పాత ప్లాస్టిక్‌కి మందుల షాపు వాసన ఉంటుంది.

వీటన్నిటికంటే పెద్ద పరీక్ష ఇంకొకటుంది. పెట్టె మీద పేరున్న ఓడా, లోపలున్న ఓడా ఒకటేనా అన్నది. ఆ రోజుల్లో ఒక్క అచ్చుతో పోసిన ఓడనే మూడు పేర్లతో మూడు పెట్టెల్లో అమ్మేవాళ్ళుండేవారు. ఒక పొగగొట్టం మార్చి, కొత్త బొమ్మ అతికించి, కొనేది పిల్లలే కదా, వాళ్ళకేం తెలుస్తుందిలే అని. అలాంటివి పట్టుకోవడంలో నాకు పేరొచ్చింది. మా గ్రూపులో ఎవరు పాత కిట్ కొనాలన్నా ముందు ఫొటోలు నాకు పంపేవారు. నేను ఒక్క ముక్కలో తేల్చేవాణ్ణి. యార్డులో ఉన్నట్టే అక్కడా ఉండేవాణ్ణి.

ఆ పెద్దావిడ ఫిబ్రవరిలో మా కొట్టుకి కాయ తెచ్చింది. పర్చూరు వైపు పల్లె. డెబ్భై దాటి ఉంటాయి, అయినా తన సరుకు తనే దగ్గరుండి దింపించుకుంది. నేను ఆవిడ కాయ విరుస్తుంటే ఫోన్ మోగింది. తెర మీద నేను కట్టిన ఓడ బొమ్మ.

"ఏందది, ఓడా?" అంది.

"అవునమ్మా. నేనే కట్టాను. ప్లాస్టిక్కుది."

"మా ఆయన దగ్గరా ఇట్టాంటిదే ఉంది. కట్టలా. పెట్టెలోనే ఉండిపోయింది."

నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కన వేలంపాట నడుస్తోంది, నన్ను పిలుస్తున్నారు, అయినా కదల్లేదు. ఆవిడ చెప్పింది. భర్త నేవీలో పదిహేనేళ్ళు చేశాడు, ఓడ ఇంజను గదిలో. ఏదో దేశం రేవులో దిగినప్పుడు ఆ పెట్టె కొన్నాడు. పెట్టె మీద ఉన్నది ఆయన పనిచేసిన ఓడే. మొదట ఇంగ్లండు వాళ్ళది, మన నేవీ కొని పేరు మార్చింది, పెట్టె మీద మాత్రం పాత పేరుంది. ఇంటికొచ్చేశాక మిరప వేసుకుంటూ బతికాడు. కాయ అమ్మేశాక కడతానని ప్రతి ఏడూ అనేవాడు. మూడేళ్ళ కిందట పోయాడు.

"ఆ పదిహేనేళ్ళూ నేనిక్కడ, ఆయనక్కడ. ఏడాదికి ఒక నెల వచ్చేవాడు. ఎక్కడ పడుకుంటావయ్యా, ఎక్కడ తింటావయ్యా అంటే, మూత మీద బొమ్మ చూపిచ్చి, ఇదిగో ఇదే నేనుండే ఓడ, కట్టినాక అంతా చూపిస్తాలే అనేవాడు. నాకు ఆయనున్న చోటు చూడాలనుంది నాయనా. నువ్వు కట్టిపెడతావా?"

ఆదివారం వస్తానని చెప్పేశాను. నిజం ఒప్పుకోవాలి. ఆవిడ బాధ నా మనసుకి పట్టలేదు. ఎవరూ చెయ్యి పెట్టని పాత పెట్టె ఒకటి దొరకబోతోందన్న ఆశే నన్ను ఆ ఊరు తీసుకెళ్ళింది.

ఇంటి పక్కనే కల్లం. ఎర్రగా పరిచిన కాయ మీద, ముక్కులకి గుడ్డలు కట్టుకుని పదిమంది ఆడవాళ్ళు కూర్చుని తాలు ఏరుతున్నారు. ఆవిడ లోపల ట్రంకుపెట్టె తెరిచి, పాత చీరలో చుట్టిన అట్టపెట్టె తెచ్చింది. మధ్యమధ్యలో వేపాకు వేసి దాచింది. ఆ పెట్టె మూలలు చూసి ఆశ్చర్యపోయాను. నిన్న కొట్లోంచి తెచ్చినట్టు నాలుగు మూలలూ నలగకుండా ఉన్నాయి. ఇంతకాలం, ఈ ఎండల్లో, ఈ మిరప దుమ్ములో! కల్లంలోనే పట్టా మీద కూర్చున్నాను. ఏరుతున్నవాళ్ళు పని ఆపి చుట్టూ చేరారు. పొరుగింటి పెద్దాయన కూడా చుట్ట ఆర్పి వచ్చి నిలబడ్డాడు.

మూత తీశాను. లోపల సంచి విప్పనన్నా విప్పలేదు ఆ మనిషి. మందుల షాపు వాసన గుప్పున కొట్టింది. నేనే విప్పాను. ఓడ ఒంటి సగాలు ఆనించి చూస్తే వెలుగు చుక్క కూడా కారలేదు. గోరు లాగితే ఎక్కడా తగల్లేదు. నాకు ఆనందం పట్టలేనంతగా ఉంది. అప్పుడు చిన్న భాగాల చట్రం బయటికి తీసి, పెద్ద భాగాల పక్కన పెట్టాను.

రంగు వేరు.

పెద్దవి తెల్లబూడిద రంగు. చిన్నవి ముదురు, కాస్త నీలం తిరిగిన బూడిద. ఎండలో పక్కపక్కనే పెడితే గుడ్డివాడికి కూడా కనపడుతుంది. నా చెయ్యి ఆగిపోయింది. ఒక బస్తాలో రెండు రంగులు చూసినప్పుడు ఎలా ఆగిపోతుందో అలాగే ఆగింది. ఫోన్ తీసి, మన నేవీలో ఉన్నప్పటి ఆ ఓడ ఫొటో వెతికాను. ఒకటి దొరికింది. ఫొటోలో ఓడ మీద స్తంభం కరెంటు టవర్‌లా అల్లిక అల్లికగా ఉంది. కిట్‌లో ఉన్నది మూడు కాళ్ళ స్తంభం. ఇక నాకు అనుమానం మిగల్లేదు.

"కలిపేశారమ్మా" అన్నాను. నా గొంతు నాకు తెలుసు, యార్డు గొంతు. "పెట్టె ఒకటి, సరుకు ఒకటి. రెండు రంగులు చూడండి. వేరే ఓడ ముక్కలు ఇందులో పడేశారు. స్తంభం కూడా తేడానే. ఇది మీ ఆయన ఉన్న ఓడ కాదు."

"అయితే తాలన్నమాట" అంది ఏరేవాళ్ళలో ఒకావిడ, నవ్వుతూ.

"తాలే" అన్నాను నేను కూడా నవ్వుతూ.

అందరూ నవ్వారు. పొరుగింటి పెద్దాయన తువ్వాలు భుజం మార్చుకుని, "నాకెప్పుడూ అనుమానమే. ఓడ ఓడ అని ఊదరగొట్టేవాడు గానీ, అందులో ఎక్కడేముందో ఒక్కనాడన్నా చెప్పాడా? కట్టకుండా ఎందుకు దాచాడో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది. నాకెందుకులే అని ఊరుకున్నాను. ఆవిడ మాత్రం "అట్టానా" అని ఒక్క మాట అంది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, "ఏ పిల్లలకన్నా ఇచ్చేయండి, ఆడుకుంటారు" అని సలహా కూడా చెప్పి బస్సెక్కాను. ఒక్క ఫొటో అన్నా తియ్యలేదు. తాలు సరుకుకి ఫొటో ఎందుకనుకున్నాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషంగా ఇంటికొచ్చిన సంగతి కూడా నాకు గుర్తుంది.

ఇప్పుడు యార్డులో బస్తా మీద కూర్చుని చూస్తున్న ఫొటోలో అలాంటి పెట్టే ఇంకొకటి. అవే అలలు, అదే పేరు. పెద్ద భాగాలు తెల్లబూడిద, చిన్న భాగాలు ముదురు. మూడు కాళ్ళ స్తంభం. ఎక్కడో వేరే దేశంలో కొన్న పెట్టెలోనూ సరిగ్గా అవే రెండు రంగులు ఎలా వస్తాయి?

ఫొటో పెట్టినాయన విశాఖపట్నంలో ఉంటాడు, ఓడల బాగుచేతలో పనిచేసి రిటైరైనవాడు. వెంటనే ఫోన్ చేశాను. రెండు రంగులేంటండీ అని అడిగితే ఆయన తేలిగ్గా నవ్వేశాడు.

"అదే కదండీ అసలు సరుకుకి గుర్తు! పెద్ద భాగాలు ఒక మిషన్లో పోసేవాళ్ళు, చిన్నవి ఇంకో మిషన్లో. రంగు కలపడం కంటి అంచనా. మొదట్లో వచ్చిన పెట్టెలన్నీ ఇట్లాగే ఉంటాయి. అంతా ఒకే రంగు ఉందంటే, అచ్చు అరిగిపోయినాక తర్వాతెప్పుడో పోసిందన్నమాట. మీకు తెలీదా?"

"మరి స్తంభం?" అన్నాను.

"మీరు ఏ ఫొటో చూశారు? అల్లిక స్తంభం ఉందా? అది ఆఖర్న వేసింది. మనవాళ్ళు డాక్‌యార్డులో పెట్టి మార్చారు. అంతకు ముందు చాలా ఏళ్ళు మూడు కాళ్ళదే ఉండేది. కిట్ కరెక్టే. ఆ రోజుల్లో అంత నిజాయితీగా చేసిన కిట్ ఇంకోటి లేదు."

ఫోన్ పెట్టేశాను. నేను ఏ రెండు గుర్తులు చూపించి దొంగసరుకు అన్నానో, ఆ రెండే అది మేలిమి సరుకని చెప్పే గుర్తులు. ముప్ఫై ఏళ్ళు మిరపకాయ చూసిన కళ్ళతో ప్లాస్టిక్‌ని చూశాను. బస్తాలో రెండు రంగులుంటే మోసం, అంతే. ఇంకో లోకంలో ఇంకో లెక్క ఉండొచ్చని నా బుర్రకి తట్టనే లేదు. ఆ రోజంతా ఒక్క బస్తాలో కూడా చెయ్యి పెట్టలేకపోయాను. ఒంట్లో బాలేదని చెప్పి ఇంటికెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడవునా నాకు నేనే ధైర్యం చెప్పుకుంటున్నాను. తప్పు ఒప్పుకుంటాను, పెట్టె తెచ్చుకుంటాను, నెల రోజులు వేరే పని ముట్టను. ఇంజను గది ఎక్కడుండేదో, మనుషులు ఎక్కడ పడుకునేవాళ్ళో విశాఖపట్నం ఆయన్ని అడిగి, ఆవిడకి ఓడ మీద వేలు పెట్టి చూపిస్తాను. చివరికి అంతా మంచే జరుగుతుందని నమ్మకం కూడా కలిగింది. ఓడకి వేయాల్సిన రంగు గురించి ఆలోచిస్తూ బస్సు దిగాను.

ఆవిడ వరండాలో చాప మీద కూర్చుని ఉంది. బయట పందిరి కింద ఆడవాళ్ళు ఆఖరి కాయకి తొడిమలు తీస్తున్నారు. నేను దగ్గరికెళ్ళి, కూర్చోకుండానే, గొంతు తగ్గించి చెప్పాను.

"అమ్మా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. అది మీ ఆయన ఓడే. రెండు రంగులు ఉండాల్సిందే. స్తంభం కూడా సరైందే. నేనే తెలుసుకోకుండా మాట్లాడాను. పెట్టె ఇవ్వండి, కట్టి తెస్తాను."

ఆవిడ చాప మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

"పెట్టె ఎక్కడిది? ఆ రోజే ఇచ్చేశాగా."

"ఎవరికమ్మా? ఎవరి పిల్లలకి?"

"పిల్లలకెందుకిస్తా? పాత ప్లాస్టిక్కు తీసుకుని ఉల్లిపాయలిచ్చేవాడు ఆటోలో వస్తాడు చూడు, వాడికి. నువ్వు బస్సెక్కిన గంటకే వచ్చాడు, వీళ్ళంతా అన్నాలకి పోయినప్పుడు. తాలు అన్నాక ఇంట్లో ఉంచుకుంటామా?"

మిరప పండించే ఇళ్ళలో అదే పద్ధతి. తాలు అని తేలిన కాయని ఏరోజుకారోజు తీసి అవతల పోస్తారు. అది నాకు తెలుసు. ఆ పద్ధతి మీదే నేను ముప్ఫై ఏళ్ళు అన్నం తింటున్నాను. అయినా అంత అపురూపంగా, వేపాకు వేసి, చీర చుట్టి దాచిన పెట్టెని ఆవిడ గంటలో వదిలేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఒక్క మాటతో! నేను అన్న ఒక్క మాటతో! ఈపాటికి అది ఎక్కడో మిషన్లో నలిగి, కరిగి, బక్కెట్లో మగ్గులో అయిపోయి ఉంటుంది.

"ఇంకోటి వెతికి తెస్తానమ్మా. ఎంత దూరమైనా సరే" అన్నాను.

"అది ఆయన కొన్నదవుద్దా?"

తల తిప్పుకుంటే గోడ మీద ఖాళీ మేకు ఒకటి కనపడింది. మేకు కింద నలుచదరంగా, చుట్టుపక్కల కంటే తెల్లగా ఉన్న సున్నం. పోయినసారి అక్కడ ఆయన ఫొటో ఉంది, నేవీ టోపీతో. ఆవిడ నా చూపు గమనించింది.

"లోపల పెట్టా" అంది. "మొహం చూడబుద్ధి కాలా. పింఛను వస్తా ఉంది కాబట్టి నేవీ అబద్ధం కాదంట, ఓడే అబద్ధమంట. ఓడెక్కలేదంట, బొంబాయిలో ఒడ్డునే ఉన్నాడంట, అక్కడ ఇంకో కాపరం ఉండి ఉంటదంట. ఊళ్ళో అంటున్నారు. మొదట నేను తిట్టా వాళ్ళని. తర్వాత నాకూ అనుమానమొచ్చింది. రెండు నెలలుగా రోజూ అడుగుతున్నా ఆయన్ని. పదిహేనేళ్ళు ఎక్కడున్నావయ్యా, ఎవరితో ఉన్నావయ్యా అని. చచ్చిపోయిన మనిషి ఏం చెబుతాడు?"

ఆ మాటలు విన్నాక పెట్టె పోయిన సంగతి నాకు చాలా చిన్నదైపోయింది. నేను చూసింది ప్లాస్టిక్ మాత్రమే అనుకున్నాను. గోరుతో గీకి, వెలుతురుకి పెట్టి, నాణ్యత తేల్చాననుకున్నాను. ఆ కల్లంలో నేను తాలు అన్నది ఒక మనిషి మాటని. నలభై ఏళ్ళు ఈవిడ నమ్ముకున్న మాటని. పొరుగింటి పెద్దాయన నోరు జారినప్పుడే ఆపి ఉండొచ్చు. అప్పుడు మజ్జిగ తాగుతూ కూర్చున్నాను.

"ఆయన నిజమే చెప్పాడమ్మా" అన్నాను. "ఆయన ఒక్క మాట కూడా అబద్ధం ఆడలేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. చేత్తో నేల ఊని మెల్లగా లేచింది.

"అప్పుడు అంత గట్టిగా అరిచి చెప్పావు. ఇప్పుడేంది, నా చెవిలో గొణుగుతావు? దా బయటికి."

నన్ను పందిరి దగ్గరికి తీసుకెళ్ళింది. తొడిమలు తీస్తున్న చేతులు ఆగాయి. పొరుగింటి అరుగు మీద ఆ పెద్దాయన కూడా ఉన్నాడు. వేలమంది మధ్య గొంతెత్తి బతికినవాణ్ణి, ఆ పన్నెండు మంది ముందు నాకు నోరు పెగల్లేదు. ఏదో గొణిగాను.

"వినపళ్ళా" అంది ఆవిడ.

మళ్ళీ చెప్పాను. ఈసారి యార్డు గొంతుతోనే. "ఆ రోజు నేను చెప్పింది తప్పు. పెట్టెలో ఉన్నది ఈవిడ భర్త పనిచేసిన ఓడే. ఆయన చెప్పింది ప్రతి అక్షరం నిజం. చూడటం రాక, తెలియక, నేనే నోరు పారేసుకున్నాను." అరుగు మీద పెద్దాయన దగ్గి, లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆవిడ పైట చెంగు సర్దుకుని, వీపు నిటారుగా చేసుకుని నిలబడింది. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

అప్పుడు, ఆ రోజు తాలన్నమాట అని నవ్విన ఆవిడే, ఒళ్ళో తొడిమలు దులుపుకుంటూ లేచింది. ఆ మొహంలో ఈసారి వేళాకోళం లేదు, నిజంగా సంతోషపడుతోంది.

"అయితే మంచిదేనన్నమాట! ఇంకేం పెద్దమ్మా, తీసుకురా. ఈసారి మేమంతా సరిగ్గా చూస్తాం. ఏదీ ఆ ఓడ?"

పెద్దావిడ నా వైపు తిరిగి, నేను చెబుతానేమోనని చూస్తూ నిలబడింది.